ఎర్రనీటి లెక్క

ఎగువన వానలు అందుకున్న నాలుగు రోజులకు ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటి రంగు మారుతుంది. అంతదాకా తేటగా కదిలిన గోదావరి ఇటుక రంగుకు తిరుగుతుంది. ఎర్రనీరు తగిలిందంటారు అక్కడివాళ్ళు. వేటకు వెళ్ళేవాళ్ళకు అది పులస వచ్చే కబురు. లంకల్లో కాపురమున్నవాళ్ళకు సామాను మెరకకు చేర్చుకోవాలన్న కబురు. నదిని చదివేవాళ్ళకు మాత్రం అది ఒక ప్రశ్నల మూట. ఈ మట్టి ఎక్కడి చేలది? కదిలి ఎన్నాళ్ళయింది? ఇందులో సముద్రం దాకా వెళ్ళేదెంత, దారిలో ఆగిపోయేదెంత?

వీటన్నిటికీ ఒక్కచోట జవాబు చెప్పగల కంప్యూటర్ మోడల్ లేదు. వానకు పొలం మట్టి కొట్టుకుపోవడాన్ని లెక్కగట్టేది ఒకటి. నదిలో నీటి మట్టం, వేగం, అడుగు మార్పులు చెప్పేది ఇంకొకటి. జలాశయంలో పూడిక చేరే తీరు చూసేది మరొకటి. మొగ దగ్గర అలలు, ఆటుపోట్లు ఇసుకను ఎటు జరుపుతాయో తేల్చేది వేరే ఒకటి. వీటిని వేర్వేరు దేశాల్లో, వేర్వేరు అవసరాలకు, ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు రాశారు. వాటిని ఒకదానికొకటి అతికి, కొండ మీది వాన నుంచి సముద్రపు ఇసుక దాకా ఒకే గొలుసుగా నడపాలన్న ప్రయత్నం పాతికేళ్ళుగా సాగుతోంది. ఆ ప్రయత్నం ఎక్కడిదాకా వచ్చింది, మన గోదావరి, కృష్ణలకు దానితో ఏం పని అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రోగ్రాములను కలపడం దాదాపు తేలిపోయిన పని. తేలనిది ఒండ్రు సంగతి. నీటిని ఒక మోడల్ చేతి నుంచి ఇంకో మోడల్ చేతికి అందించవచ్చు, పెద్దగా ఒలికిపోదు. ఒండ్రు మాత్రం చేతులు మారేటప్పుడు వేరే వస్తువైపోతుంది, ఒక్కోసారి కనపడకుండా పోతుంది.

ముందు సమస్య బరువెంతో చూడాలి. శ్రీరాంసాగర్‌లో మొదట 112 టీఎంసీలు నిలుస్తాయన్నారు. తర్వాతి సర్వేల్లో అది 90కి, ఆపైన 80.5కి దిగింది. శ్రీశైలం 308 నుంచి 215.8కి, నాగార్జునసాగర్ 408 నుంచి 312కి పడిపోయాయి. అంటే ఈ మూడు చోట్లే దాదాపు 220 టీఎంసీల జాగా పోయినట్టు లెక్క. పోలవరం పూర్తిగా నిండినా పట్టేది 194 టీఎంసీలే. ఒక పోలవరానికి మించిన చోటును చప్పుడు చెయ్యకుండా మట్టి ఆక్రమించుకుంది.

జలాశయాల్లో చేరిన మట్టి డెల్టాకు రాలేదు. పోలవరం దగ్గర 1970ల్లో ఏటా సగటున 14 కోట్ల టన్నులకు పైగా ఒండ్రు దిగేదనీ, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందనీ ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో చూపించారు. జేమ్స్ సివిట్‌స్కీ బృందం 2009లో ప్రపంచంలోని పెద్ద డెల్టాలను పరిశీలించి, కుంగిపోతున్నవాటిలో కృష్ణనూ గోదావరినీ చేర్చింది. కృష్ణలో డెల్టాకు చేరే ఒండ్రు పదో వంతు కూడా మిగల్లేదని వాళ్ళ లెక్క. డెల్టా నేల తన బరువుకు తాను కొద్దికొద్దిగా అణుగుతూనే ఉంటుంది. ఏటా వరద తెచ్చి పరిచే కొత్త మట్టే ఆ లోటు తీర్చేది. అది రాకపోతే సముద్రం ముందుకొస్తుంది.

ఉప్పాడలో రోడ్డు కోసుకుపోయిన ప్రతిసారీ రాళ్ళు పోస్తున్నాం. ఆ కోతకు గోదావరి ఒండ్రు తగ్గడం ఒక కారణమంటారు. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరగడం, రేవు కట్టడాలు, తుఫాన్లు కూడా కారణాలే అంటారు. ఎవరి వాటా ఎంత? ఎగువ పొలాన్నీ, మధ్య జలాశయాన్నీ, దిగువ అలనూ ఒకే లెక్కలోకి తేకుండా దీనికి జవాబు రాదు. మోడళ్ళను అతకాల్సిన అవసరం అక్కడి మనుషుల ఇంటి గోడ దాకా వచ్చి నిలబడింది.

ఈ గొలుసులో పై కొస పొలం. అక్కడ వాడే లెక్కకు మూలం అమెరికాలో విష్‌మయర్, స్మిత్ కూర్చిన నేలకోత సూత్రం. సుమారు 22 మీటర్ల పొడవున్న ప్రయోగ మడుల మీద ఏళ్ళ తరబడి కొలిచి, వాన దెబ్బ, నేల గుణం, వాలు, పంట, గట్లు వీటన్నిటినీ గుణించి ఏడాదికి ఎన్ని టన్నులు పోతాయో చెప్పారు. అది ఏడాది సగటే చెబుతుంది. ఏ వానకు ఎంత పోయిందో చెప్పదు. 1975లో విలియమ్స్ వాన శక్తికి బదులు పారిన నీటిని పెట్టి, ఒక్కో వానకు లెక్క వచ్చేలా దాన్ని మార్చాడు. టెక్సస్‌లోని టెంపుల్ పరిశోధన కేంద్రంలో జెఫ్ ఆర్నాల్డ్ 1990ల మొదట్లో రూపొందించిన ‘స్వాట్’ మోడల్ వాడేది ఈ సూత్రాన్నే. మన దేశంలో ఎక్కువగా చలామణీలో ఉన్నది కూడా ఇదే. ఐఐటీ ఢిల్లీ నుంచి ఏకే గోసాయిన్ బృందం 2006లో దీనితోనే 12 నదుల పరీవాహకాల మీద వాతావరణ మార్పు ప్రభావాన్ని లెక్కగట్టింది. గోదావరి, కృష్ణల మీద ఆ తర్వాత వచ్చిన పరిశోధనలూ చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నీటి దగ్గరే ఆగాయి. ఒండ్రు దాకా వెళ్ళినవి కొన్ని. వాటిలోనూ నది అడుగులోకీ, జలాశయంలోకీ దిగినవి ఇంకా తక్కువ.

స్వాట్ ఒక్కో ఉప పరీవాహకంలో ఒకే నేల, ఒకే పంట, ఒకే వాలు ఉన్న చెక్కలన్నిటినీ కలిపి ఒక ముద్దగా లెక్కిస్తుంది. వాగు ఒడ్డున ఉన్న చేనూ, వాగుకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న చేనూ దానికి ఒకటే. ఒడ్డు చేని మట్టి సాయంత్రానికి వాగులో ఉంటుంది. దూరపు చేని మట్టి మధ్యలో ఏ చెరువులోనో, ఏ గట్టు కిందో ఏళ్ళకేళ్ళు ఆగిపోతుంది. గొలుసుకట్టు చెరువులున్న తెలంగాణలో ఈ తేడా చిన్నది కాదు. చెరువు పూడిక తీసి చేలకు తోలుకున్న ఏ రైతైనా దీన్ని మోడల్ కన్నా బాగా చెప్పగలడు.

నది దగ్గరకొస్తే కథ పాతది, మన ఉపఖండంతో ముడిపడింది కూడా. పంజాబులో ఎగువ బారీ దోఆబ్ కాలువ మీద కొలతలు తీసిన కెనడీ, కాలువ పూడకుండా కోసుకోకుండా ఉండాలంటే లోతుకు తగిన వేగం ఎంతుండాలో 1895లో చెప్పాడు. 1930లో లేసీ దానికి ఒండ్రు రేణువు పరిమాణాన్ని చేర్చాడు. సాగునీటి ఇంజనీర్లు ఇప్పటికీ లేసీ పేరు తలుస్తారు. అప్పటికే ఫ్రాన్సులో సాఁ వెనాఁ 1871లో కదిలే నీటికి సమీకరణాలు రాసిపెట్టాడు. ఆస్ట్రియాకు చెందిన ఎక్స్‌నర్ 1920ల్లో అడుగుకు సమీకరణం ఇచ్చాడు. దాన్ని మాటల్లో చెప్పుకుంటే చాలా తేలిక. ఒక చోటికి వచ్చిన మట్టి ఎక్కువ, పోయిన మట్టి తక్కువ అయితే అక్కడ మేట వేస్తుంది, తిరగబడితే కోస్తుంది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల ‘హెక్ రాస్’, డెన్మార్క్ ‘మైక్’, నెదర్లాండ్స్ ‘డెల్ఫ్ట్ 3డీ’, ఫ్రాన్స్ ‘టెలిమాక్’ అన్నిటి గుండెల్లోనూ ఉన్నవి ఈ రెండే. నీరు ఎంత ఇసుకను మొయ్యగలదన్న సూత్రం దగ్గరే వాటి దారులు వేరవుతాయి. ఆ సూత్రాలు డజను పైచిలుకు. కొలతకు సగం నుంచి రెండింతల మధ్య వస్తే మంచి ఫలితమే అనుకునే రంగం ఇది.

ఇక అతుకులు. మొదటి అతుకు పొలానికీ నదికీ మధ్య ఉంది. నా దృష్టిలో మొత్తం గొలుసులో అత్యంత బలహీనమైనది ఇదే. పొలం మోడల్ ‘ఇవాళ ఇన్ని టన్నులు’ అంటుంది. నది మోడల్‌కు టన్నులు చాలవు. ఆ మట్టిలో బంక ఎంత, వండు ఎంత, ఇసుక ఎంత అని అడుగుతుంది. ఎందుకంటే సన్న మట్టి నీటితోపాటు తేలుతూ పోతుంది. ఎగువ నుంచి ఎంత వస్తే అంతా దాటిపోతుంది, నదికి దాని మీద అదుపు తక్కువ. ఇసుక అలా కాదు. ఎంత వచ్చినా ఆ పూట ప్రవాహానికి మోసే శక్తి ఎంతుందో అంతే కదులుతుంది. అదనంగా కావాలంటే అడుగు నుంచి తవ్వుకుంటుంది. ఈ రెంటినీ ఒకే సంచిలో కట్టి అందిస్తే, నది మోడల్ భద్రాచలం దగ్గర లేని మేటలు వేస్తుంది, లేకపోతే మేట వేసేదాన్నంతా సముద్రంలో పారబోస్తుంది.

గీతలు కూడా కలవవు. పొలం వైపు వాళ్ళు ఇసుకకూ వండుకూ మధ్య గీత 0.05 మిల్లీమీటర్ల దగ్గర గీస్తారు. కేంద్ర జల సంఘం 0.2కు పైన ముతక, 0.2 నుంచి 0.075 దాకా మధ్యరకం, అంతకు లోపు సన్నం అని మూడు రకాలుగా కొలుస్తుంది. హెక్ రాస్ అయితే 20 తరగతులు అడుగుతుంది. మూడు రకాల జల్లెడలతో పట్టిన పిండిని ఒకే రొట్టెకు కలపాల్సి వస్తుంది. మధ్యలో ఊహతో పూరించిన అంకెలు చివరి ఫలితంలో ఎంత భాగమో చాలా పరిశోధన పత్రాలు చెప్పవు. చెప్పి తీరాలి.

రెండో అతుకు దిశకు సంబంధించింది. చాలా అనుసంధానాలు ఒకవైపే నడుస్తాయి. పై మోడల్ లెక్క ముగించి, ఫలితాన్ని కింది మోడల్‌కు ఇచ్చి తప్పుకుంటుంది. కింది నుంచి పైకి కబురు ఉండదు. ఇది ఎక్కడ చెల్లదో, శబరి గోదావరిలో కలిసే కూనవరం వాళ్ళను అడిగితే చాలు. గోదావరి పోటు మీదుంటే శబరి దానిలో కలవలేక వెనక్కి తంతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటి మట్టం 71 అడుగులు దాటినప్పుడు శబరి ఒడ్డు ఊళ్ళు మునిగింది కొంతవరకు శబరి నీటితోనే అయినా, దాన్ని అక్కడ నిలబెట్టింది గోదావరి. నిలబడ్డ నీరు మోస్తున్న మట్టిని వదిలేస్తుంది. వరద తీశాక ఇళ్ళలోంచి ఎత్తిపోసుకునే బురద అదే. శబరిని విడిగా, గోదావరిని విడిగా నడిపి ఫైళ్ళు మార్చుకుంటే ఈ ఎగదన్నుడు లెక్కలోకి రాదు. ప్రతి చిన్న అడుగుకూ రెండు మోడళ్ళూ ఆగి, ‘నీ దగ్గర మట్టం ఎంత, నీ దగ్గర ప్రవాహం ఎంత’ అని అడిగి పుచ్చుకోవాలి. రెండువైపుల అతుకు అంటే ఇదే. మొగ దగ్గర సముద్రపు పోటుకూ ఇదే వర్తిస్తుంది. జలాశయం వెనక మేట పెరిగి, ఏటికేడాది మునక హద్దు పైకి జరగడానికీ ఇదే వర్తిస్తుంది.

మూడోది కాలం. పొలం మోడల్ రోజుకో అడుగు వేస్తుంది. నది మోడల్ నిమిషాల్లో, సెకన్లలో నడుస్తుంది. డెల్టా మార్పు కనపడాలంటే దశాబ్దాలు కావాలి. రోజు సగటు ప్రవాహాన్ని ఇస్తే నీటి లెక్కకు పెద్ద నష్టం లేదు గానీ ఒండ్రు లెక్క దెబ్బతింటుంది. నీరు రెట్టింపైతే ఒండ్రు రెట్టింపుతో ఆగదు, తరచు మూడింతలు, నాలుగింతలు అవుతుంది. ఆరు గంటల వరద ఉధృతిని 24 గంటలకు పరిచేస్తే ఆ రోజు మోసిన మట్టిలో పెద్ద భాగం కాగితం మీదే ఆవిరైపోతుంది. గోదావరి ఏడాది మొత్తం మోసే ఒండ్రులో 90 శాతానికి పైగా వానాకాలపు నాలుగు నెలల్లోనే, అందులోనూ కొద్ది రోజుల్లోనే దిగుతుంది కాబట్టి ఈ తప్పు మనకు ఇంకా ఖరీదైనది.

డెల్టా వైపు వాళ్ళు దీనికి తిరగేసిన ఉపాయం ఒకటి వాడతారు. ఒక ఆటుపోటులో అడుగు ఎంత మారిందో చూసి, దాన్ని యాభైతోనో వందతోనో గుణించి అన్ని ఆటుపోట్ల మార్పుగా తీసుకుంటారు. ఏడాదంతా ఒకే తీరున సాగే మొగలకు అది పనికొస్తుంది. నాలుగు నెలలు నిండి, ఎనిమిది నెలలు ఎండే నదికి ఆ గుణకాన్ని యథాతథంగా తగిలిస్తే, వరద రోజులు అసలున్నదానికన్నా ఎన్నో రెట్లవుతాయి, లేదా దాదాపు లేకుండా పోతాయి. వరద కాలానికి ఒకటి, ఎండ కాలానికి ఒకటి వేర్వేరుగా పెట్టాల్సిందే.

ప్రోగ్రాములను కలిపే సాంకేతికత గురించి రెండు మాటలు చాలు. ఐరోపా యూనియన్ నిధులతో 2000ల తొలి ఏళ్ళలో మొదలైన ‘ఓపెన్ ఎంఐ’, మోడళ్ళు నడుస్తుండగానే అంకెలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని తెచ్చింది. 2014లో దానికి అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు దక్కింది. కొలరాడో విశ్వవిద్యాలయం కేంద్రంగా 2007లో మొదలైన ‘సీఎస్‌డీఎంఎస్’ అన్న పరిశోధకుల సమాజం ఇంకా తేలిక దారి చూపింది. ప్రతి మోడల్ కొన్ని ఆజ్ఞలకు లోబడితే చాలు: మొదలుపెట్టు, ఒక అడుగు వెయ్యి, నీ విలువ చెప్పు, ఈ విలువ తీసుకో, ముగించు. అంతకు మించి దాని కడుపులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. ఒకరు ‘ఒండ్రు భారం’ అన్నది తేలే మట్టినే, ఇంకొకరు అదే మాటతో అడుగున దొర్లే ఇసుకను కూడా కలిపి చెబుతారు కాబట్టి, పేర్లకు కూడా ఒక నిఘంటువు కట్టారు. ఈ పేర్ల పనికి ఎవరూ దండలు వెయ్యరు గానీ, నేను మాత్రం దాన్ని మిగతావాటికన్నా ఎక్కువ గౌరవిస్తాను. రెండు ప్రోగ్రాములు ఆగకుండా నడిచాయంటే వాటి అర్థాలు కలిశాయని కాదు.

అతుకుల మీద నాకున్న పెద్ద అభ్యంతరం సరిచూసే తీరు మీద. ఒక్కో మోడల్‌నూ విడివిడిగా కొలతలకు సరిపెట్టి, తర్వాత గొలుసు కడతారు. పొలం మోడల్ కోతను ఎక్కువ చూపితే, నది మోడల్ మేటను ఎక్కువ చూపి, కింది స్టేషన్ దగ్గర అంకె సరిగ్గా కలుస్తుంది. తప్పు, తప్పు కలిసి ఒప్పులా కనిపిస్తుంది. ఒకే ఫలితాన్ని వేర్వేరు దారుల్లో రాబట్టవచ్చని జలశాస్త్రవేత్త కీత్ బెవెన్ దశాబ్దాలుగా హెచ్చరిస్తున్నది దీన్నే. ఉన్న పరిస్థితే సాగినంత కాలం ఈ లోపం బయటపడదు. ఎగువన కొత్త ఆనకట్ట వచ్చిన రోజు, అడవి పోయి చేలు వచ్చిన రోజు బయటపడుతుంది. ఈ మధ్య యంత్రాలకు పాత రికార్డులు నేర్పి ఒండ్రు చెప్పిస్తున్నారు. రేపటి వరదకు అవి బాగానే పనికొస్తాయి. నది ఎన్నడూ చూడని ఆనకట్టకు అవేం చెబుతాయో మాత్రం నమ్మలేం.

బయటి అనుభవాలు రెండు తలచుకోవాలి. చైనాలో పసుపు నది మీద సన్‌మెన్‌షియా ఆనకట్ట 1960లో నీరు నిలిపింది. రెండేళ్ళు తిరక్కుండానే జలాశయం పూడిక ఎగువకు పాకి, టోంగ్‌గ్వాన్ దగ్గర నది అడుగు నాలుగు మీటర్లకు పైగా లేచింది. ఉపనది వెయ్ ఎగదన్ని, పంట మైదానానికీ షియాన్ నగరానికీ ముప్పు తెచ్చింది. 1962లోనే నడిపే పద్ధతి మార్చి, తర్వాత ఒండ్రు పోవడానికి సొరంగాలు తవ్వాల్సి వచ్చింది. ముందే హెచ్చరించిన ఇంజనీరు హ్వాంగ్ వాన్‌లీ మాట ఎవరూ వినలేదు. అక్కడ లోపించింది రెండువైపుల లెక్కే. ఆ దెబ్బ తిన్నవాళ్ళే 2002 నుంచి షియావొలాంగ్‌డి జలాశయం నుంచి దాదాపు ఏటా లెక్క ప్రకారం నీటిని ఒక్కసారిగా వదిలి, దిగువ నది అడుగును కడిగిస్తున్నారు. ఎంత నీరు, ఎన్ని రోజులు, ఎంత ఒండ్రుతో అన్నది జలాశయం, నది మోడళ్ళను జతగా నడిపి, ప్రతి ఏటి కొలతతో సరిదిద్దుకుంటూ తేల్చే పని.

రెండోది మిసిసిపి. లూసియానాలో కట్టకు గండి పెట్టి, ఒండ్రు నీటిని మునిగిపోతున్న బరటేరియా బేసిన్‌లోకి మళ్ళించే పథకానికి డెల్ఫ్ట్ 3డీతో నీరు, ఒండ్రు, ఉప్పదనం, మొక్కలు కలిపి నడిపారు. 2070 నాటికి 21 చదరపు మైళ్ళ దాకా నేల నిలుస్తుందని వచ్చింది. అదే గొలుసు, తీపి నీరు చేరి ఆల్చిప్పల సాగు దెబ్బతింటుందనీ, డాల్ఫిన్లు చచ్చిపోతాయనీ కూడా చెప్పింది. 2023లో పని మొదలై, ఖర్చు, కోర్టు వివాదాలు, మత్స్యకారుల వ్యతిరేకత మధ్య 2025లో రద్దయింది. మోడల్ ఓడిపోయిందని కొందరన్నారు. నాకలా అనిపించదు. లాభం ఎవరికో నష్టం ఎవరికో ఒకే కాగితం మీద పెట్టింది కాబట్టే జనం వాదించగలిగారు.

మళ్ళీ ఇంటికొద్దాం. మన దగ్గర మోడళ్ళకు కొదవ లేదు. పైన చెప్పినవాటిలో చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. 1916లో మొదలైన పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా నదుల భౌతిక నమూనాలు కడుతోంది, ఐఐటీల్లో, రూర్కీ జలవిజ్ఞాన సంస్థలో లెక్క తెలిసినవాళ్ళున్నారు. లోటు కొలతల్లో ఉంది. ఒండ్రు నమూనాను లోతులో 0.6 వంతు దగ్గర సీసా ముంచి తీస్తారు. అడుగున దొర్లే ముతక ఇసుక ఆ సీసాలోకి రాదు. అదే ఇసుకను ర్యాంపుల నుంచి లారీలకెత్తి తీసుకెళ్తున్నాం. ఎంత ఎత్తామో లెక్క లేకుండా, అడుగు ఎందుకు దిగిందని మోడల్‌ను అడగడం అన్యాయం. జలాశయాల సర్వేలూ అంతే. తుంగభద్రలో 2008లో 100.85 టీఎంసీలన్న నిల్వ, 2016 సర్వేలో 105.78 అయింది. ఎనిమిదేళ్ళలో పూడిక కరిగిపోలేదు, కొలిచే తీరు మారింది. అయిదు టీఎంసీల తేడా కొలత పద్ధతిలోనే ఉంటే, ఆ రెండు సర్వేల మధ్య తేడాతో సరిచూసిన మోడల్ దేన్ని నేర్చుకున్నట్టు?

నన్నడిగితే, కొత్త మోడల్ కొనే ముందు అతుకులు పడే చోట్ల కొలవాలి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిసే చోట్లలో వరద రోజున గంటగంటకూ ఒండ్రు, దాని రేణువుల పరిమాణం. ప్రతి పెద్ద జలాశయానికీ ఒకే పద్ధతిలో అయిదేళ్ళకోసారి సర్వే. బ్యారేజి దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల అడ్డుకోతలు. ర్యాంపుల్లో ఎత్తిన ఇసుక టన్నులు. 2022 డిసెంబరులో నాసా, ఫ్రాన్స్ కలిసి పంపిన ‘స్వాట్’ ఉపగ్రహం పేరుకు పైన చెప్పిన మోడల్‌ను పోలి ఉన్నా వేరేది. అది నదుల మట్టాన్ని ఆకాశం నుంచి కొలుస్తోంది, నీటి వైపు సాయం చేస్తుంది. అడుగు మట్టిని మాత్రం ఎవరో ఒకరు పడవెక్కి తీయాల్సిందే. ఈ కొలతలు కేంద్ర జల సంఘం దగ్గర కొన్ని, రెండు రాష్ట్రాల జలవనరుల శాఖల దగ్గర కొన్ని, గనుల శాఖ దగ్గర కొన్ని, రేవుల దగ్గర కొన్ని చెదిరి ఉన్నాయి. మోడళ్ళ మధ్య అతుకు కన్నా ఈ బీరువాల మధ్య అతుకు కష్టమని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

దీనికి ఒక గడువు కూడా ఉంది. డెల్టాకు ఎంత ఒండ్రు వచ్చేదన్న మన జ్ఞానంలో ఎక్కువ భాగం పోలవరం దగ్గరి కొలతల మీద నిలబడింది. ఆ ఊరికి ఎగువనే ఆనకట్ట లేస్తోంది. 2021 జూన్ నుంచి నది స్పిల్‌వే మీదుగానే మళ్ళి పారుతోంది. జలాశయం నిండుగా నిలిచాక అక్కడ దిగే ఒండ్రు ఈనాటిది కాదు. ఎంత తగ్గింది, ఏ రేణువులు తగ్గాయి, తలుపులు ఎలా ఎత్తితే కొంతైనా దిగువకు పంపవచ్చు అని రేపు అడగాలంటే, నిండకముందు ఎలా ఉండేదో చెప్పే కొలత ఉండాలి. ఇంకా కొన్ని వానాకాలాలు మన చేతిలో ఉన్నాయి. పేరూరు నుంచి మొగ దాకా ఆ కొద్ది ఎర్రనీటి రోజుల్లో సీసాలు ముంచి, జల్లెడ పట్టి, రాసిపెట్టుకోవాల్సింది అప్పుడే.